సెల్‌లో ప్రోటీన్ ఎక్కడుందో చూడాలంటే ఏ మైక్రోస్కోప్ ముందు కూర్చోవాలి?

గుంటూరు నుంచో కర్నూలు నుంచో ఎమ్మెస్సీ అయిపోయి, ప్రాజెక్టు కోసమో పీహెచ్‌డీ కోసమో బెంగళూరు ల్యాబుల్లో చేరే మన పిల్లలు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, నా ప్రోటీన్ సెల్‌లో ఎక్కడుందో చూడాలి, కాన్ఫోకల్ బుక్ చేయనా, లేక స్టెడ్ దొరుకుతుందా?" ఈ రెండూ మైక్రోస్కోప్ రకాలే, రెండోది మరీ సన్నని వివరాలు చూపించేది. నేను వెంటనే ఏ మెషీన్ పేరూ చెప్పను. ఎక్కడుంది అంటే ఎంత దగ్గరగా తెలియాలి, సెల్ బతికుండగానే చూడాలా ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నదున్నట్టు బిగించి) చూసినా ఫర్వాలేదా, శాంపిల్ ఎంత మందం, ఆ ప్రోటీన్ సెల్‌లో బోలెడంత ఉందా పిసరంతే ఉందా అని తిరిగి అడుగుతాను. వీటికి జవాబు వచ్చిందంటే మెషీన్ దానంతట అదే తేలిపోతుంది, చాలాసార్లు వాళ్లు అనుకున్నదానికంటే చవకదే తేలుతుంది. నా పక్షపాతం ఏంటో కూడా ముందే చెప్పేస్తాను: లేబుల్ (ప్రోటీన్‌ని మెరిపించడానికి తగిలించేది) తప్పయితే ఎన్ని కోట్ల మైక్రోస్కోప్ పెట్టినా ఆ తప్పునే ఇంకాస్త స్పష్టంగా చూపిస్తుంది. కాబట్టి ఎంపిక లేబుల్ దగ్గర మొదలెట్టాలి, మెషీన్ చివర్లో.

ఎంత దగ్గరగా చూడాలి?

కాంతితో చూసే మైక్రోస్కోప్‌కి ఒక హద్దు ఉందని 1873లోనే ఎర్నెస్ట్ అబ్బే తేల్చాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ ఎన్‌ఏకి (లెన్స్ ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పోగుచేస్తుందో చెప్పే అంకె) రెండింతలతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. ఆకుపచ్చ కాంతి 520 నానోమీటర్లు, మంచి ఆయిల్ లెన్స్ ఎన్‌ఏ 1.4 అనుకుంటే సుమారు 186 నానోమీటర్లు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే మచ్చగా కలిసిపోతాయి. ఇది పక్కపక్కన ఉన్నవాటి సంగతి. పైనా కిందా ఉన్నవైతే ఇంకా అన్యాయం, 500 నుంచి 700 నానోమీటర్ల దూరం ఉంటేగానీ విడిగా కనిపించవు. జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్ పొడవు మొత్తం నాలుగు నానోమీటర్ల చిల్లర, కాబట్టి స్క్రీన్ మీద మెరిసే చుక్క మాలిక్యూల్ సైజు అనుకునేరు, అది లెన్స్ గీసిన మచ్చ.

ఇప్పుడు మీ ప్రశ్నని ఈ కొలతల పక్కన పెట్టి చూడండి. న్యూక్లియస్ 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) ఉంటుంది, మైటోకాండ్రియా వెడల్పు అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్. మందు వేశాక ప్రోటీన్ సైటోప్లాజం నుంచి న్యూక్లియస్‌లోకి వెళ్లిందా లేదా అన్నదే ప్రశ్న అయితే (పదిలో ఆరేడు ప్రాజెక్టుల ప్రశ్న ఇదేనేమో అనిపిస్తుంది నాకు) దానికి సూపర్ రిజల్యూషన్ (అబ్బే హద్దు దాటి చూసే మెషీన్లు) అడగడం దండగ. నరాల కొసల్లో ఉండే చిన్న సంచి, సినాప్టిక్ వెసికిల్, 40 నానోమీటర్లు, సెల్‌లోని సన్నని గొట్టం, మైక్రోట్యూబ్యూల్, 25 నానోమీటర్లు. ఇలాంటి వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూపించాల్సి వస్తేనే ఆ పెద్ద మెషీన్ల జోలికి వెళ్లాలి.

యాంటీబాడీయా, జీఎఫ్‌పీయా, డైయా?

డై సంగతి తొందరగా తేల్చేద్దాం. న్యూక్లియస్‌కి డాపి లేదా హోక్స్ట్, యాక్టిన్ పోగులకి ఫాలోయిడిన్, మైటోకాండ్రియాకి మైటోట్రాకర్. ఇవి చవక, గంటలో పని అయిపోతుంది, తప్పు జరిగే అవకాశం తక్కువ. రెండు జాగ్రత్తలు చాలు. ఫాలోయిడిన్ వాడాలంటే మెథనాల్‌తో ఫిక్స్ చేయొద్దు, ఫార్మాల్డిహైడ్‌తో చేయండి, మెథనాల్ యాక్టిన్ ఆకారాన్ని చెడగొడుతుంది, ఫాలోయిడిన్ అతుక్కోదు. మైటోట్రాకర్ రెడ్‌ని బతికున్న సెల్స్‌కి పోసి తర్వాత ఫిక్స్ చేయాలి, ఎందుకంటే అది మైటోకాండ్రియా పొర మీద ఉన్న వోల్టేజీని చూసి లోపలికి వెళ్తుంది, చచ్చిన సెల్‌లో ఆ వోల్టేజీ ఉండదు.

అసలు తలనొప్పి మిగతా రెండింటి మధ్యే.

యాంటీబాడీ అంటే ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే ఇంకో ప్రోటీన్. దాంతో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే సెల్‌ని ముందుగా కెలకాల్సిన పని లేదు, ప్రోటీన్ సహజంగా ఎంత ఉందో, ఎక్కడుందో అక్కడే పట్టుకుంటాం. క్లోనింగ్ అక్కర్లేదు, పేషెంట్ టిష్యూ అయినా సరే రంగు వేయొచ్చు. కానీ అది సెల్ బయటి నుంచి లోపలికి వెళ్లాలి కాబట్టి ఫిక్స్ చేసి, పొరకి ట్రైటాన్ లాంటి డిటర్జెంట్‌తో చిల్లులు పెట్టాలి, అంటే కదలికలు చూడటం అన్న మాటే లేదు. పైగా వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్ష) చక్కగా ఒక్క బ్యాండ్ ఇచ్చిన యాంటీబాడీ సెల్‌లో కూడా పని చేస్తుందని గ్యారంటీ లేదు. బ్లాట్‌లో ప్రోటీన్ మడత విప్పుకుని ఉంటుంది, సెల్‌లో మడతపడి, పక్క ప్రోటీన్లతో అల్లుకుని ఉంటుంది, యాంటీబాడీ పట్టుకోవాల్సిన ముక్క లోపల దాగిపోయి ఉండొచ్చు. అందుకే కొనేముందు కంపెనీ పేజీలో ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి (సెల్‌లో యాంటీబాడీతో మెరిపించి చూడటానికి) పరీక్షించారా, నాకౌట్ సెల్స్‌లో (ఆ జీన్ తీసేసినవాటిలో) సిగ్నల్ పోయినట్టు చూపించారా అన్నది వెతకండి. ఇది చూడకుండా ధర చూసి ఆర్డర్ పెడితే బయటి దేశం నుంచి ఆ చిన్న గొట్టం రావడానికి వారాలు పడుతుంది, వచ్చాక న్యూక్లియస్, సైటోప్లాజం తేడా లేకుండా అంతా మెరుస్తుంది, గైడ్ ముందు నిలబడి టెన్షన్ పడేది మీరే.

ఇంకొక చిన్న విషయం, కానీ దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. రెండు ప్రోటీన్లు ఒకేసారి చూడాలంటే రెండు ప్రైమరీలూ (ప్రోటీన్‌ని నేరుగా పట్టుకునే యాంటీబాడీలు) వేర్వేరు జంతువుల్లో చేసినవై ఉండాలి, ఒకటి కుందేలుది అయితే ఇంకోటి ఎలుకది. రెండూ కుందేలువే అయితే సెకండరీకి (ప్రైమరీని పట్టుకునే, రంగున్న యాంటీబాడీకి) తేడా తెలీదు, రెండు రంగులూ రెండింటి మీదా కూర్చుంటాయి, మీకేమో అద్భుతమైన కోలోకలైజేషన్ (రెండూ ఒకే చోట ఉన్నట్టు) కనిపిస్తుంది.

జీఎఫ్‌పీ కథ మీకు తెలిసిందే. 1962లో షిమోమురా జెల్లీఫిష్ నుంచి తీశాడు, 1994లో చాల్ఫీ దాన్ని బ్యాక్టీరియాలో, పురుగులో వెలిగించి చూపించాడు, సియన్ రంగురంగుల రకాలు తయారు చేశాడు, 2008లో ముగ్గురికీ కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. బతికున్న సెల్‌లో ప్రోటీన్ ఎటు వెళ్తోందో చూడాలంటే ఇదే రాచబాట. అయితే 238 అమైనో యాసిడ్లు, 27 కిలోడాల్టన్ల బరువున్న దాన్ని మీ ప్రోటీన్‌కి తగిలిస్తున్నామన్న సంగతి మర్చిపోవద్దు. మీ ప్రోటీన్ 15 కిలోడాల్టన్లదే అయితే దానికంటే దాని మూటే పెద్దది. ఏ కొసకి తగిలించాలన్నది కూడా ఆలోచించాలి. మైటోకాండ్రియాకి వెళ్లే ప్రోటీన్లలో చాలావాటికి అడ్రస్ ఎన్ కొసన (ప్రోటీన్ మొదలయ్యే కొస) ఉంటుంది, అక్కడ జీఎఫ్‌పీ పెడితే అడ్రస్ కప్పబడిపోయి ప్రోటీన్ సైటోప్లాజంలోనే తిరుగుతూ ఉంటుంది. వీలైతే రెండు కొసలకీ విడివిడిగా చేసి చూడండి, రెండూ ఒకే చోట కనిపిస్తే నమ్మకం వస్తుంది.

దీనికంటే పెద్ద గొడవ ఓవర్ ఎక్స్‌ప్రెషన్. సీఎంవీ ప్రమోటర్ (జీన్‌ని గట్టిగా నడిపే స్విచ్) పెట్టి, ల్యాబుల్లో పెంచే హెక్ 293 సెల్స్‌లో ట్రాన్స్‌ఫెక్ట్ చేస్తే (ఆ జీన్‌ని లోపలికి ఎక్కిస్తే) సెల్ ఆ ప్రోటీన్‌ని ఎడాపెడా తయారు చేస్తుంది, ఉండాల్సిన చోటు నిండిపోయి మిగిలింది ఎక్కడ పడితే అక్కడ చేరుతుంది. ఫీల్డ్‌లో అన్నిటికంటే ధగధగా మెరుస్తున్న సెల్‌ని ఫోటో తీయాలని ప్రాణం లాగుతుంది, తీయకండి. మసకగా ఉన్న సెల్సే నిజం చెప్తాయి. టైమ్ ఉంటే జీన్ కత్తెర క్రిస్పర్‌తో అసలు జీన్ దగ్గరే ట్యాగ్ పెట్టించుకోవడం అన్నిటికంటే మేలు, కాకపోతే అప్పుడు సిగ్నల్ నీరసంగా ఉంటుంది, మంచి కెమెరా కావాలి.

లైసోజోమ్ (సెల్ చెత్తని అరిగించే సంచి) మీద పని చేసేవాళ్లు మాత్రం మామూలు ఈజీఎఫ్‌పీ (జీఎఫ్‌పీలో మెరుగుపరచిన రకం) జోలికే వెళ్లొద్దు. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5 నుంచి 5 ఉంటుంది, ఆ పులుపులో ఈజీఎఫ్‌పీ ఆరిపోతుంది, ప్రోటీన్ అక్కడే ఉన్నా మీకు కనపడదు. ఎర్రగా మెరిసే ఎంచెర్రీ ఆ పులుపుని తట్టుకుంటుంది. ఆటోఫేజీ (సెల్ తన భాగాలని తనే తినడం) మీద పని చేసేవాళ్లు ఈ తేడానే తెలివిగా వాడుకుని రెండూ కలిపి తగిలిస్తారు, పసుపు చుక్క ఎర్రగా మారిందంటే అది లైసోజోమ్‌తో కలిసిందని లెక్క.

మధ్యేమార్గం ఒకటుంది, హాలోట్యాగ్, స్నాప్‌ట్యాగ్. ప్రోటీన్‌కి ట్యాగ్ తగిలించి, రంగు మాత్రం బయటి నుంచి డైగా పోస్తాం. హాలో 33 కిలోడాల్టన్లు, జీఎఫ్‌పీ కంటే చిన్నదేం కాదు, కానీ డై చాలా కాంతివంతంగా ఉండి తొందరగా బ్లీచ్ అవదు (వెలిసిపోదు), రంగు మార్చాలంటే మళ్లీ క్లోనింగ్ అక్కర్లేదు. ఇప్పుడు కొత్తగా కన్‌స్ట్రక్ట్ (ట్యాగ్ కలిపిన జీన్) చేయబోయేవాళ్లకి నేను జీఎఫ్‌పీ కంటే దీన్నే చెప్తున్నాను, డై ఖర్చు ల్యాబ్ భరించగలిగితే.

ప్రోటీన్ కాకుండా ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో చూడాలంటే స్మ్‌ఫిష్. 20 అక్షరాల చిన్న ప్రోబ్‌లు కొన్ని పదులు ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద వరసగా కూర్చుంటాయి, ఒక్కొక్క ఆర్‌ఎన్‌ఏ ఒక్కొక్క చుక్కగా కనిపిస్తుంది, లెక్కపెట్టుకోవచ్చు కూడా.

ఇక మెషీన్లు

వైడ్‌ఫీల్డ్ అంటే ల్యాబ్ మూలలో ఉండే మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపే. పిల్లలు దీన్ని పాతకాలం సరుకులా చూస్తారు, అది అన్యాయం. సెల్ నుంచి వచ్చిన కాంతినంతా కెమెరాకి ఇస్తుంది, ఈ కాలపు ఎస్‌సీమాస్ కెమెరాలు తమ మీద పడ్డ ఫోటాన్లలో 80 శాతానికి పైగా పట్టుకుంటాయి, కాన్ఫోకల్‌లోని పాత రకం పీఎంటీ డిటెక్టర్ పట్టేది అందులో మూడో వంతు ఉంటే గొప్ప. అందుకే సిగ్నల్ నీరసంగా ఉన్నప్పుడు, ఇందాక చెప్పిన స్మ్‌ఫిష్ లాంటి వాటికి, వైడ్‌ఫీల్డే గెలుస్తుంది. కవర్‌స్లిప్ మీద పలచగా పరుచుకుని పెరిగే హీలా, కాస్ లాంటి సెల్స్‌కి ఇది చాలు, పైన డీకన్వల్యూషన్ (కంప్యూటర్ లెక్కలతో మసక తీసేయడం) కూడా చేస్తే బొమ్మ ఇంకా తేటపడుతుంది. దీని లోపం ఒక్కటే, ఫోకస్‌లో లేని పొరల కాంతి కూడా వచ్చి మీద పడుతుంది, సెల్ మందంగా ఉంటే మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది.

ఆ మబ్బుని తీసేయడానికే కాన్ఫోకల్. మార్విన్ మిన్స్కీ 1957లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టిన ఆలోచన ఇది: డిటెక్టర్ ముందు ఒక పిన్‌హోల్ పెడితే ఫోకస్‌లో ఉన్న చోటు నుంచి వచ్చిన కాంతి మాత్రమే దూరుతుంది, మిగతాది ఆగిపోతుంది. రెండు మూడు పొరలుగా పెరిగిన సెల్స్, ఆర్గనాయిడ్లు (ల్యాబులో పెంచిన చిట్టి అవయవాల నమూనాలు), టిష్యూ ముక్కలు, గుండ్రంగా ముడుచుకున్న లింఫోసైట్లు, వీటికి కాన్ఫోకల్ లేకుండా కుదరదు. ప్రోటీన్ న్యూక్లియస్ లోపల ఉందా, న్యూక్లియస్ పైన ఉన్న సైటోప్లాజంలో ఉందా అని రివ్యూయర్ అడిగినప్పుడు కూడా జెడ్ స్టాక్ (కింది నుంచి పైకి పొరపొరగా బొమ్మలు) తీసి చూపించాల్సిందే. కానీ లేజర్ ఒక్కొక్క పిక్సెల్‌నీ తడుముకుంటూ వెళ్తుంది కాబట్టి 512 బై 512 ఫ్రేమ్‌కి మామూలు సెట్టింగులో సెకను దాకా పడుతుంది, స్టాక్ తీసేలోపు శాంపిల్ బ్లీచ్ అయిపోవచ్చు. పిన్‌హోల్‌ని ఒక ఎయిరీ యూనిట్ (లెన్స్ గీసే మచ్చ సైజు) దగ్గర వదిలేయండి. ఇంకా మూసేస్తే రిజల్యూషన్ పెరిగిపోతుందని కొందరు బిగిస్తారు, పెరిగేది పిసరంత, పోయేది సగం సిగ్నల్.

బతికున్న సెల్స్‌లో వెసికిల్స్ పరుగులు చూడాలంటే పాయింట్ స్కానింగ్ కాన్ఫోకల్ వద్దు, స్పిన్నింగ్ డిస్క్ తీసుకోండి. వేలాది పిన్‌హోల్స్ ఉన్న డిస్క్ తిరుగుతుంది, కెమెరా చూస్తుంది, వేగం ఎక్కువ, సెల్స్ మీద దెబ్బ తక్కువ. లైవ్ ఇమేజింగ్‌లో మనం గెలవాల్సింది రిజల్యూషన్‌లో కాదు, సెల్ చావకుండా ఉండటంలో. బొమ్మలు కాస్త మసకగా ఉన్నా సెల్ మర్నాడు కూడా విభజన చెందుతోందంటే ఆ డేటాకి విలువ ఉంది.

సెల్ పొర మీదే జరిగే పనికి, రిసెప్టర్లు గుంపు కట్టడం, వెసికిల్ వచ్చి పొరతో కలవడం లాంటి వాటికి, టర్ఫ్‌ని మించింది లేదు. గాజుకి ఆనుకున్న 100 నుంచి 200 నానోమీటర్ల పొరని మాత్రమే వెలిగిస్తుంది, మిగతా సెల్ అంతా చీకటి. అయితే ఆ పొర దాటి ఒక్క అడుగు లోపలి సంగతి కూడా దానికి తెలీదు, కాబట్టి సెల్ లోపలుండే గాల్జీ చూపించమంటే చూపించలేదు. మెదడు ముక్కల్లో కొన్ని వందల మైక్రాన్ల లోతు చూసేవాళ్లకి టూ ఫోటాన్, జీబ్రాఫిష్ పిల్లని మొత్తంగా గంటల తరబడి చూసేవాళ్లకి లైట్‌షీట్. ఆ పని మీది కాకపోతే వాటి గురించి ఇక్కడ ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు అందరికీ మోజున్న సూపర్ రిజల్యూషన్. 2014లో బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక ఈ మోజు మన దాకా వచ్చింది. వీటిలో కాస్త సాదావి ఎయిరీస్కాన్, సిమ్. 100 నుంచి 140 నానోమీటర్ల దాకా తీసుకెళ్తాయి, మామూలు డైలతోనే పని చేస్తాయి, అంటే మీ పాత స్లైడే పెట్టి చూసుకోవచ్చు. స్టెడ్ 50 నానోమీటర్ల దగ్గరకి తెస్తుంది, కానీ చుట్టూ ఉన్న మెరుపుని ఆర్పే దాని రెండో లేజర్ దెబ్బని తట్టుకునే అట్టో 647ఎన్ లాంటి డైలు కావాలి, అంటే సెకండరీలు మళ్లీ కొనాలి. స్టార్మ్, పామ్ రకాలు మాలిక్యూల్స్‌ని ఒక్కొక్కటిగా మినుకుమనిపించి, వేల ఫ్రేములు తీసి, ఒక్కొక్క చుక్క కేంద్రం ఎక్కడో లెక్కేస్తాయి, 20 నానోమీటర్ల దాకా వెళ్తాయి. ఇంత దూరం వెళ్లాక యాంటీబాడీ సైజే అడ్డం వస్తుంది. ప్రైమరీ మీద సెకండరీ కూర్చుంటే డై అసలు ప్రోటీన్ నుంచి 15, 20 నానోమీటర్లు అవతలికి జరిగిపోతుంది, అంటే మెషీన్ చూపించే కచ్చితత్వాన్ని లేబులే మింగేస్తుంది. నానోబాడీలు (బాగా చిన్న యాంటీబాడీలు) వాడితే ఈ గొడవ తగ్గుతుంది, వాటి బరువు 15 కిలోడాల్టన్లే.

డబ్బు లేనివాళ్లకి నాకు బాగా నచ్చిన దారి ఇంకోటుంది, ఎక్స్‌పాన్షన్ మైక్రోస్కోపీ. 2015లో ఎంఐటీలో బాయ్డెన్ బృందం చేసింది. మైక్రోస్కోప్‌ని మార్చే బదులు శాంపిల్‌నే ఉబ్బిస్తారు. పిల్లల డైపర్లలో నీళ్లు పీల్చే పదార్థం ఉంటుంది చూశారా, ఆ జాతి జెల్‌లో సెల్స్‌ని పాతిపెట్టి నీళ్లు పోస్తే అన్ని వైపులా సుమారు నాలుగింతలు పెరుగుతుంది, ఆ తర్వాత మామూలు కాన్ఫోకల్ మీద పెట్టినా 70 నానోమీటర్ల దాకా తేడా తెలుస్తుంది. ఓపిక కావాలి, నాలుగింతలు పెరగడమంటే ఘనపరిమాణంలో 64 రెట్లు కాబట్టి సిగ్నల్ కూడా అంత పలచబడుతుంది, జెల్ చిరగకుండా కవర్‌స్లిప్ మీదకి జార్చడం ఒక కళ. అయినా స్టెడ్ స్లాట్ కోసం ఎదురుచూస్తూ కూర్చునే సమయంలో ఇది నేర్చుకోవచ్చు.

కలిసి కనిపిస్తే కలిసినట్టేనా?

ఎరుపు, ఆకుపచ్చ కలిసి పసుపు వచ్చింది కాబట్టి రెండు ప్రోటీన్లూ ఇంటరాక్ట్ అవుతున్నాయని రాసేస్తారు. ఒకే బస్‌స్టాప్‌లో నిలబడ్డంత మాత్రాన ఇద్దరు చుట్టాలైపోరు. 200 నానోమీటర్ల మచ్చలో నాలుగు నానోమీటర్ల ప్రోటీన్లు ఒకదానికొకటి తగలకుండా ఎన్నైనా పడతాయి. ఒకే ఆర్గనెల్‌లో (సెల్‌లోని ఒకే భాగంలో) ఉన్నాయి అని చెప్పడానికి కాన్ఫోకల్, ఫిజీ అనే సాఫ్ట్‌వేర్‌లో కోలాక్ 2 పెట్టి, రెండు రంగులు ఎంత కలుస్తున్నాయో చెప్పే పియర్సన్, మాండర్స్ విలువలు తీస్తే సరిపోతుంది. తగులుతున్నాయి అని చెప్పాలంటే ఫ్రెట్ (ఒక రంగు శక్తి పక్కదానికి దాటుతోందా అని చూడటం) చేయండి, అది 1 నుంచి 10 నానోమీటర్ల లోపు ఉంటేనే పలుకుతుంది. ఫిక్స్ చేసిన సెల్స్ అయితే పీఎల్‌ఏ (రెండు యాంటీబాడీలు దగ్గరుంటేనే చుక్క ఇచ్చే పద్ధతి), దానికి 40 నానోమీటర్ల దాకా సరిపోతుంది. స్టెడ్ తీసినా కూడా తగులుతున్నాయని రుజువు కాదు, దగ్గరున్నాయని మాత్రమే.

రంగుల సంగతి

డాపి, 488, 568, 647 (ఈ అంకెలు ఆ డైని వెలిగించే కాంతి సుమారు ఎన్ని నానోమీటర్లో చెప్తాయి), ఈ నాలుగు కలిపి వాడితే ఒకదాని కాంతి ఇంకోదాంట్లోకి కారడం తక్కువ. అయినా ఒక్కొక్క రంగు మాత్రమే వేసిన స్లైడ్లు, ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన స్లైడ్ తప్పనిసరిగా పెట్టుకోండి. 647 వేసి ఐపీస్‌లోంచి చూసి ఏమీ కనపడలేదని స్లైడ్ పారేసేవాళ్లుంటారు. ఆ ఎరుపు మన కంటికి దాదాపు ఆనదు, కెమెరాకి చక్కగా ఆనుతుంది.

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మూలికలు, మొక్కల నుంచి తీసిన మందుల మీద పని చేసే ల్యాబులు ఎక్కువ కదా, అందులో కర్క్యుమిన్ అంటే మహా ఇష్టం. పసుపులోని ఆ పదార్థం నీలి కాంతి పడితే తనే ఆకుపచ్చగా మెరుస్తుంది, 488 చానెల్‌లో మీ ప్రోటీన్ పెరిగిందని మీరు మురిసిపోతుంటే అది పసుపే అయ్యుండొచ్చు. మందు వేసి, యాంటీబాడీ వేయని కంట్రోల్ ఒకటి పెడితే బండారం బయటపడుతుంది. క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్ కూడా ఇంతే, ఎర్రగా వెలుగుతుంది. అన్నట్టు, మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లే అనే మందుల కంపెనీలో బయటికొచ్చి 1948లో లోకానికి తెలిసిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతిదే. ఆ జాతి మందులు పెరుగుతున్న ఎముకలో క్యాల్షియంకి అతుక్కుని అల్ట్రావయొలెట్ కింద పసుపుగా మెరుస్తాయి, ఎముక ఎంత పెరిగిందో కొలవడానికి వాటినే లేబుల్‌గా వాడతారు. ఒకరికి బ్యాక్‌గ్రౌండ్ అయింది ఇంకొకరికి సిగ్నల్. ఆకుల మీద పని చేసేవాళ్లు క్లోరోఫిల్ ఎర్రగా 680 దగ్గర వెలుగుతుందని గుర్తుపెట్టుకుని 647 వైపు వెళ్లకుండా ఉంటే మంచిది. లైవ్ ఇమేజింగ్‌కి ఫినాల్ రెడ్ అనే రంగు లేని మీడియం వాడండి.

బెంగళూరులో ఆచరణ

బళ్లారి రోడ్డు మీద జీకేవీకే క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్, అక్కడే సీ క్యాంప్, యశ్వంతపురం దగ్గర ఐఐఎస్‌సీ, జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్, ఇలాంటి పరిశోధనా సంస్థలున్న ఈ ఊళ్లో మంచి మైక్రోస్కోపులకి కరువు లేదు. కరువంతా స్లాట్లకి, ట్రైనింగ్‌కి. బయటి కాలేజీ నుంచి వచ్చేవాళ్లు ముందు మెయిల్ పెట్టి బయటివాళ్లకి రేటు ఎంత, ఆపరేటర్ ఉంటారా, మీరే నడపాలా అని అడగండి. గంట లెక్కన డబ్బు కట్టేటప్పుడు ఆపరేటర్ ఉంటే ఖర్చు ఎక్కువైనా కలిసొస్తుంది. ఎన్‌సీబీఎస్‌లో జరిగే బెంగళూరు మైక్రోస్కోపీ కోర్సుకి అప్లై చేసుకోండి, సీటు వస్తే వదలొద్దు.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి జక్కూరు దాకా స్లైడ్లు పట్టుకుని రావాలంటే సిల్క్ బోర్డు, హెబ్బాళ దాటాలి, సగం రోజు రోడ్డు మీదే. కాబట్టి ఫిక్స్ చేసిన స్లైడ్లైతే మౌంటింగ్ మీడియం రాత్రంతా ఆరనిచ్చి, అంచులకి నెయిల్‌పాలిష్ వేసి, చీకటి డబ్బాలో పెట్టుకుని రండి. లైవ్ సెల్స్‌ని అలా మోసుకురావాలని మాత్రం చూడకండి, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఆటోలో దొరకవు. ఇమేజింగ్ జరిగే చోటే సెల్ కల్చర్ సదుపాయం ఇస్తారేమో అడిగి, అక్కడే రెండ్రోజులు ముందు ప్లేట్ చేసుకోండి.

బయల్దేరే ముందు రెండు వస్తువులు చూసుకోండి. కవర్‌స్లిప్ నంబర్ 1.5 అయ్యుండాలి, మందం 0.17 మిల్లీమీటర్లు, లెన్సులు తయారు చేసేది ఆ మందానికే. చవకగా దొరికే నంబర్ 1 తెచ్చి బొమ్మ మసకగా ఉందని మెషీన్‌ని తిట్టుకోవద్దు. మామూలు ప్లాస్టిక్ కల్చర్ డిష్‌లో పెంచి తెస్తే ఆయిల్ లెన్స్‌తో అసలు ఫోకసే దొరకదు, అడుగు మిల్లీమీటర్ మందం ఉంటుంది, లెన్స్ అంత దూరం చూడలేదు. గాజు అడుగున్న డిష్ కొనండి.

ఇంత విన్నాక కూడా "అన్నా, ఒక్కమాటలో చెప్పు" అంటారు కాబట్టి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ఫిక్స్ చేసిన పలచని సెల్స్, ఆర్గనెల్ స్థాయి ప్రశ్న అయితే సొంత డిపార్ట్‌మెంట్ వైడ్‌ఫీల్డ్ మీద మొదలెడతాను, స్టెయినింగ్, కంట్రోళ్లు అన్నీ అక్కడే తేల్చుకుని, ఆ తర్వాత పేపర్‌లో పెట్టాల్సిన బొమ్మల కోసం మాత్రమే కాన్ఫోకల్‌కి డబ్బు కడతాను. టిష్యూ అయితే మొదటి రోజు నుంచే కాన్ఫోకల్. కదలికలైతే హాలోట్యాగ్ పెట్టి స్పిన్నింగ్ డిస్క్. స్టెడ్, స్టార్మ్ బుక్ చేసేది కాన్ఫోకల్ బొమ్మ బాగా వచ్చి, అందులో 200 నానోమీటర్ల లోపలి ప్రశ్న ఒకటి నిజంగా మిగిలినప్పుడే, కాన్ఫోకల్‌లో చెత్తగా ఉన్న స్టెయినింగ్ స్టెడ్‌లో బాగుపడదు. మీ కాలేజీలో పాత మెర్క్యురీ ల్యాంప్ మైక్రోస్కోప్ ఒక్కటే ఉందా, దాంతో కూడా మొదటి మెట్టు ఎక్కొచ్చు, ల్యాంప్ ఆర్పిన వెంటనే మళ్లీ వేయకుండా అరగంట చల్లారనిస్తే చాలు, దాని ఆయుష్షే రెండు మూడొందల గంటలు.

స్లాట్‌లో కూర్చున్నాక ముందు ఎక్కువ సిగ్నల్ వచ్చే శాంపిల్ మీద లేజర్ పవర్, గెయిన్, ఎక్స్‌పోజర్ సరిచేసి, ఒక్క పిక్సెల్ కూడా సాచురేట్ అవకుండా (గరిష్ఠం దగ్గర ఆగిపోకుండా) చూసి, అవే సెట్టింగులతో కంట్రోళ్లతో సహా అన్నీ తీయండి. ఫైల్‌ని మెషీన్ ఇచ్చే అసలు ఫార్మాట్‌లోనే కాపీ చేసుకోండి, జేపెగ్ చేసి తెస్తే తర్వాత ఫిజీలో కొలవడానికి ఏమీ మిగలదు. పేపర్‌లో పెట్టేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ బదులు మెజెంటా, ఆకుపచ్చ పెట్టండి, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని మగవాళ్లు చాలామంది ఉంటారు, మీ రివ్యూయర్ వాళ్లలో ఒకడు కావచ్చు.